పదిహేడో పీపా

దమయంతి ముక్కు సంగతి ఈ అమెరికాలో మా ట్రాయ్ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, గుమ్మంలో బూట్లు విప్పుతూనే, "పులుసులో ఇంగువ రెండుసార్లు పడినట్టుందే" అనేది. ఆ ఇంటావిడ మొహం మాడిపోయేది. నేను మాత్రం ఊరుకోకుండా వాదించేదాన్ని. పాతికేళ్ళ స్నేహంలో ఆ ముక్కు మీద ఒక్కసారి కూడా గెలవలేదు.

ఆ ముక్కే ఆమెకి అన్నం పెట్టింది. కార్ల లోపలి సామాను తయారుచేసే కంపెనీలో పంతొమ్మిదేళ్ళు వాసన చూసే ఉద్యోగం చేసింది. నవ్వకండి, అలాంటి ఉద్యోగం ఉంది. డాష్‌బోర్డు ముక్కో సీటు గుడ్డ ముక్కో గాజు సీసాలో పెట్టి వేడిచేస్తారు. సీసా మీద అంకె తప్ప పేరుండదు. అయిదుగురు కూర్చుని, ఒకరితో ఒకరు మాట్లాడకుండా, మూత కాస్త తెరిచి వాసన చూసి, తోచింది కార్డు మీద రాయాలి. "ఆలోచించి రాస్తే అబద్ధం అవుతుంది జయంతీ. ముక్కు చెప్పింది చెయ్యి రాసెయ్యాలి, మధ్యలో బుర్ర రాకూడదు" అనేది. చివరికి ఆ పనికీ మెషిన్ వచ్చింది. యాభై ఆరేళ్ళ వయసులో దమయంతి ఇంట్లో కూర్చుంది.

కూర్చోనివ్వనివాడు నీల్. మా అందరి చేతుల్లో పెరిగిన పిల్లాడే. ఇక్కడే పుట్టి, ఇంజినీరింగ్ చదివి, నాలుగేళ్ళు ఆఫీస్‌కి వెళ్ళి, ఒకరోజు అది మానేసి లపీర్ ఊరి దారిలో మూతపడ్డ పాల డెయిరీ ఒకటి కొన్నాడు. అందులో విస్కీ కాస్తానన్నాడు. వాళ్ళమ్మ ఆరు నెలలు గుడిలో మొహం చూపించలేదు. "దమయంతీ ఆంటీ, నాకు యంత్రం ఉంది, నోస్ లేదు. మీరు వస్తారా?" అని అడిగాడు. దమయంతి వెళ్ళింది.

నేను మండిపడ్డాను. "సారా దుకాణంల కొలువా? రాజ్ అన్న ఏమంటుండు?" అన్నాను. వాళ్ళాయన రాజ్ ఏమంటాడు, జీవితంలో ఆయన అన్న మాట ఒక్కటే, "నీ ఇష్టం." దమయంతి చుక్క కూడా మింగేది కాదు. వాసన చూసి, నాలుక మీద వేసుకుని, ఉమ్మేసి, నోరు కడుక్కునేది. శనివారాలు నాలుక మీద కూడా వేసుకునేది కాదు, ముక్కుతో సరి. విస్కీ దగ్గర శనివారం నియమం పాటించిన మనిషి ఈ దేశంలో ఇంకొకరు ఉంటారనుకోను.

తర్వాత్తర్వాత నాకూ కుతూహలం పెరిగింది. విస్కీ కాగి బయటికి వచ్చినప్పుడు మంచినీళ్ళలా ఉంటుందట. ఆ రంగూ, రుచిలో సగానికి పైగా చెక్క ఇచ్చినవే. లోపల కాల్చిన ఓక్ పీపాలో కొన్నేళ్ళు నిద్రపుచ్చి, ఆఖర్న ఇంకో చెక్క దగ్గర కొన్ని నెలలు ఉంచితే అదొక కొత్త వాసన పట్టుకుంటుంది. దాన్ని వీళ్ళు ఫినిష్ అంటారు. నీల్ చెర్రీ చెక్క పెట్టాడు, మేపుల్ పెట్టాడు, వైన్ తాగి తడిసిన పీపాలు తెప్పించాడు. మెస్కీట్ చెక్క పెట్టింది మాత్రం ఆరిపోయిన పొయ్యి నాకినట్టు ఉందని దమయంతి రాస్తే, మొత్తం తూములో పోశాడు. గింజల్లోనూ అంతే. మొక్కజొన్న అయింది, రై అయింది, జొన్న అయింది. రాగులతో చేద్దామంటే, మొలకెత్తించే జల్లెడలోంచి అంత సన్నటి గింజ కిందికి జారిపోయింది. దమయంతి తన పాత నూలు చీరలు చింపి, చంటిపిల్లల మాల్ట్‌కి కట్టినట్టు నలభై తడి మూటలు కట్టి దూలానికి వేలాడదీసింది. మూడోనాటికి మొలకలొచ్చాయి. నీల్ వాటికి దండం పెట్టి ఫొటో తీసుకున్నాడు.

ఇక ఉయ్యాల బల్ల గురించి చెప్పాలి.

దమయంతి అత్తగారు రాధారాణి గారు పద్నాలుగేళ్ళు వీళ్ళ దగ్గరే ఉన్నారు. ఆవిడతోపాటు ఓడ మీద ఒక పనస చెక్క ఉయ్యాల బల్ల కూడా వచ్చింది. ఇత్తడి గొలుసులతో బేస్‌మెంట్‌లో వేలాడదీశారు. పసుపు రంగు చెక్క, ఆవిడ తల ఆనించే చోట కొబ్బరినూనె ఇంకి నల్లబడి ఉండేది. ఆవిడకి పైన గదులు నచ్చేవి కావు. పగలంతా ఆ బల్ల మీదే కూర్చుని, పైకి వినపడేలా "అమ్మాయ్" అని రోజుకి యాభైసార్లు కోడల్ని పిలిచేవారు. కళ్ళజోడు, మంచినీళ్ళు, ఫోన్‌లో బొమ్మ ఆగిపోయింది, ఊరికే. దమయంతి యాభైసార్లూ మెట్లు దిగేది.

కారులో కూర్చుంటే ఆవిడ బెల్టు పెట్టుకునేవారు కాదు, కడుపు మీద ఎవరో చెయ్యేసి తోసినట్టుందని. ఆవిడ కోసమే దమయంతి వెనక సీట్లో బెల్టు పెట్టకపోతే గంట మోగే కారు కొన్నది. ఆ గంట ఎంత మొండిదంటే, ఒకసారి నేను ఇండియన్ స్టోర్‌లో కొన్న బియ్యం బస్తా వెనక పెడితే దానికీ మోగింది. ప్రతిసారీ దమయంతి దిగి వెనక్కి వెళ్ళి, "చెయ్యి పైకెత్తండి అత్తయ్యా" అనేది. ఆవిడ చంటిపిల్లలా చెయ్యెత్తేవారు. బెల్టు టక్కుమనేది.

ఆరేళ్ళ కిందట ఫిబ్రవరిలో రాధారాణి గారు పోయారు. ఉయ్యాల మీదే, నిద్రలో పోయారని దమయంతి చెప్పింది. మేమంతా అదృష్టవంతురాలు అనుకున్నాం.

కిందటేడు వీళ్ళు ఇల్లమ్మి చిన్న కాండోకి మారారు. అక్కడ బేస్‌మెంట్ లేదు. బల్ల ఎవరికైనా ఇచ్చేద్దామన్నాడు రాజ్. ఇవ్వడానికి దమయంతికి మనసు ఒప్పలేదు, పారేయడానికి చేతులు రాలేదు. నీల్ చూసి, "ఆంటీ, జాక్‌ఫ్రూట్ వుడ్? ఇక్కడ ఎవరూ ట్రై చేయలేదు" అన్నాడు. బల్లని ఎనిమిది బద్దలుగా కోయించి, పైపైన చిత్రిక పట్టి, ఓవెన్‌లో దోరగా వేయించి, పదిహేడో నంబరు పీపాలో వేశారు. అలా వాళ్ళ అత్తయ్య బల్ల రాగుల విస్కీలో మునిగింది. నాకది వినగానే ఒళ్ళు జలదరించింది. చెప్పాను కూడా. "చెక్కే కదా జయంతీ" అంది దమయంతి, నా కళ్ళలోకి చూడకుండా.

పీపాలో ఉన్న విస్కీ కొంచెం కొంచెం గాలిలో కలిసిపోతుంటుంది. దాన్ని దేవతల వాటా అంటారు, ఆ లెక్క కోసం నెలనెలా పీపాలు తూస్తారు. డెయిరీ కింద నేలమాళిగలో ఉన్న పీపాలన్నీ నెలనెలా కాస్త తేలికవుతూ వచ్చాయి. పదిహేడో పీపా మాత్రం పదకొండు నెలలు గడిచినా వేసిన రోజు ఎంత బరువుందో అంతే ఉంది. నీల్ తూనిక మెషిన్ బాగు చేయించాడు. మెషిన్ బాగానే ఉంది. దానిలోంచి ఏదీ బయటికి పోవడం లేదు.

మార్చి మొదట్లో రుచి పరీక్ష పెట్టారు. దమయంతి తన పాత పద్ధతే అక్కడా పెట్టింది: అంకెలు వేసిన గ్లాసులు, అయిదుగురు మనుషులు, మాటల్లేవు, కార్డులు. దమయంతి, నీల్ కాక మిగతా ముగ్గురూ ఆ చుట్టుపక్కల అమెరికన్లే. ఏ గ్లాసులో ఏ పీపా ఉందో దమయంతికీ తెలియదు.

ఆ మధ్యాహ్నం నేను బట్టలు మడతపెడుతుంటే నీల్ దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. దాంతో పాటు వాయిస్ మెసేజ్. "జయంతీ ఆంటీ, దమయంతీ ఆంటీ పదిహేడో పీపా కార్డ్ తెలుగులో రాసింది. తరవాత ఏం చెప్పకుండా, మిగతావాళ్ళ కార్డ్‌లు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. నాకు చదవడం రాదు. ఇది ఏ ఫ్లేవర్?"

ఫొటో పెద్దది చేసి చూశాను. దమయంతి గుండ్రటి చేతిరాత.

"వస్తానే అమ్మాయ్."

ఆ పిలుపు ఎవరిదో నాకు తెలుసు. పద్నాలుగేళ్ళు, ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా, మెట్ల కింది నుంచి అది రావడం విన్నాను. ఫ్లేవర్ కాదు, తర్వాత చెప్తానని నీల్‌కి మెసేజ్ పెట్టి, కారు తీసుకుని దమయంతి కాండోకి వెళ్ళాను.

వంటగదిలో టేబుల్ ముందు కూర్చుని ఉంది. రాజ్ ఆఫీస్‌కి వెళ్ళాడు. టేబుల్ మీద మిగతా నాలుగు కార్డులూ పరిచి ఉన్నాయి. నేను ఒక్కొక్కటీ చదివాను. ఒకరు తడి సిమెంటు, కొబ్బరి అని రాశారు. ఒకరు మెట్ల మీద పరిచిన పాత కార్పెట్ అని రాశారు. నీల్ కార్డు మీద "ఇత్తడి?" అని మాత్రం ఉంది. నాలుగోది పక్క ఊళ్ళో తేనె అమ్ముకునే ఒక ముసలాయనది. ఆయన ఇంగ్లిష్‌లో ఒక వాక్యం రాశాడు. పాలు పోసిన టీ, ఎవరూ తాగక చల్లారి పైన మీగడ కట్టింది, అని.

"అత్తయ్యగారి బల్ల గద, కొబ్బరినూనె వాసన రాదా?" అన్నాను, నా ధైర్యం కోసం.

"టీ ఎక్కడిది?" అంది దమయంతి.

నేను ముసలాయన కార్డు మళ్ళీ చదివాను.

"ఆ టీ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలీదు జయంతీ. రాజ్‌కి కూడా."

అప్పుడు చెప్పింది. ఆ ఫిబ్రవరిలో రాజ్ షికాగో వెళ్ళాడు. మధ్యాహ్నం నాలుగింటికి దమయంతి టీ పెట్టింది. కింది నుంచి పిలుపు వినపడింది, "వస్తానే అమ్మాయ్" అని. టీ వాసన తగిలి అత్తయ్య పైకి వస్తున్నారనుకుంది. "రండత్తయ్యా, నెమ్మదిగా రండి" అని పైనుంచే అరిచింది. రెండు కప్పుల్లో పోసి కూర్చుంది.

"ఇరవై నిమిషాలు కూర్చున్నాను. పిలుపుల్లేవు. ఎంత హాయిగా ఉందో తెలుసా? అబ్బ, ఇంకో అయిదు నిమిషాలు రాకపోతే బావుణ్ణు అనుకున్నాను. ఆవిడ టీ మీద మీగడ కట్టేసింది. అప్పుడు దిగాను. ఉయ్యాల ఇంకా మెల్లగా ఊగుతోంది. ఆవిడలో ప్రాణం లేదు."

బయట పైకప్పు మీది మంచు కరిగి నీళ్ళు కారుతున్నాయి. దమయంతి కార్డులు సర్దుతూ అంది, "ఆవిడ సెలవు అడిగారు జయంతీ. వెళ్ళేవాళ్ళు వస్తాననే కదా అంటారు. నేను టీకి రమ్మన్నాను."

మాది వరంగల్. మా వైపు వెళ్ళేటప్పుడు పోయొస్త అంటాం, పోవడం అందులో వినపడుతుంది. వీళ్ళ రాజమండ్రి వైపు ఆ పోవడాన్ని నోట రానివ్వరు, వట్టి వస్తా అంటారు. ఆ ఒక్క మాట దగ్గర దమయంతి మోసపోయింది. వింటుంటే నాకు ఏడుపొచ్చింది, వెంటనే కోపం కూడా వచ్చింది. ఆరేళ్ళు ఒక్కతే మోసింది, నాకొక్క మాట చెప్పలేదు.

"రేపే బాట్లింగ్. నీల్‌కి ఆ పీపా తెగ నచ్చింది" అంది. "నేను సంతకం పెడితే బద్దలు తీసి కాల్చేస్తారు, మిగతాది సీసాల్లో పోసి ఊళ్ళ మీదికి పంపేస్తారు. ఇక ఎవరికని జవాబు చెప్పను? నాకు పిచ్చి పట్టిందో ఏమో తెలీదు. నాతో రా. నువ్వు పక్కన ఉండు చాలు."

మర్నాడు పదకొండింటికి ఆమె పాత కారులోనే బయల్దేరాం. ఎండ బాగా కాసింది. డెయిరీలో నీల్ బాయిలర్ దగ్గర ఉన్నాడు. చెయ్యి ఊపి, "ఆంటీ, టేక్ యువర్ టైమ్" అన్నాడు. దమయంతి నేలమాళిగ మెట్లు దిగింది. నా మోకాళ్ళకి ఆ సిమెంటు మెట్లు పడవు కాబట్టి పైన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

అయిదు నిమిషాలు. పది నిమిషాలు. కింది నుంచి చప్పుడు లేదు. చల్లటి తీపి గాలి మాత్రం పైకి వస్తోంది. ఫోన్ చూస్తూ కూర్చున్నాను. ఇరవై నిమిషాలు అయిందని గమనించి పిలిచాను.

"అయిందా దమయంతీ?"

"వస్తానే అమ్మాయ్."

హమ్మయ్య అనుకున్నాను. సరే రా అని నోటిదాకా వచ్చింది. అప్పుడు తట్టింది, దమయంతి నన్ను ఎప్పుడూ అమ్మాయ్ అనలేదు.

నా మోకాళ్ళ సంగతి నాకు గుర్తులేదు. ఆ మెట్లు ఎలా దిగానో ఇప్పటికీ తెలియదు. దమయంతి పదిహేడో పీపా పక్కన చెక్కపెట్టె మీద కూర్చుని, అరచెయ్యి పీపాకి ఆనించి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఊపిరి ఆడుతోంది. నేను భుజం పట్టుకుని కుదిపాను.

"నేనేం అనలేదు" అంది నన్ను చూసి. తర్వాత మెల్లగా అడిగింది, "నువ్వూ విన్నావా?"

"ఇన్న" అన్నాను.

దమయంతి మొహంలో బిగువంతా ఒక్కసారిగా సడలింది. ఆరేళ్ళ ఏడుపు ఏడ్చింది. తనకి పిచ్చి పట్టలేదు. ఆవిడ మళ్ళీ సెలవు అడిగారు, ఈసారి మేమిద్దరం విన్నాం. నేను ఆమె తల నా పొట్టకి హత్తుకుని నిలబడ్డాను. చుట్టూ పీపాలు, ఒక్క బల్బు. ఇక్కడ ఇంకాసేపు ఉంటే నా గుండె ఆగుతుందనిపించింది.

"జవాబు చెప్పు" అన్నాను. "ఇగ పొండి అను. పెద్దమనిషి ఎదురుచూస్తుంది. ఈసారి రండి అని మాత్రం అనకు. నువ్వు అప్పుడు రమ్మంటివి, ఆమె ఆరేండ్ల సంది వస్తనే ఉన్నది. ఒట్టి 'వెళ్ళండి' అను చాలు."

దమయంతి కళ్ళు తుడుచుకుంది. లేచి నిలబడి, చీర కొంగు సర్దుకున్నట్టు స్వెటర్ సర్దుకుంది. నోరు తెరిచి, ఆ మాట సగంలోనే మింగేసింది. పెద్దవాళ్ళని అలా వట్టిగా వెళ్ళమనడానికి మనకి నోరు రాదు. కసిరి గెంటినట్టు ఉంటుంది.

"మంచిది అత్తయ్యా" అంది చివరికి. "వెళ్ళిరండి."

"నీకు మతి ఉన్నదా?" అన్నాను.

"రావద్దని ఎలా అంటానే?" అంది దమయంతి. "పద్నాలుగేళ్ళు నాతో ఉన్న మనిషి."

పైకి వచ్చి సంతకం పెట్టింది. నీల్ పీపాని లిఫ్ట్ మీద పైకి తెచ్చి, సీసాల్లోకి వంపే ముందు తూచాడు. మెషిన్ వంక చూసి, నా వంక చూసి, మళ్ళీ తూచాడు. పీపా ఎక్కడా కారలేదు, కింద తడి లేదు. పదకొండు నెలల్లో పోవలసిన బరువంతా పోయి ఉంది. గ్లాసులో కాస్త పోసి దమయంతికి ఇచ్చాడు. ఆమె వాసన చూసింది.

"తేనె. మిరియం. కాస్త పనసతొన" అంది. "అంతే. బావుంది నీల్, పోసెయ్."

వేరే ఇంకేమైనా ఉందా అని అతను అడిగాడు. ఏమీ లేదంది.

తిరుగు ప్రయాణంలో నాకు ప్రాణం తేలికపడింది. ఆకలి కూడా వేసింది. నా హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని, కోటు తొడుక్కునే, ముందు సీట్లో కూర్చున్నాను. నీల్ సీసా ఇస్తానంటే ఇద్దరం వద్దన్నాం. హైవే ఎక్కే దాకా ఏవో మామూలు కబుర్లు చెప్పుకున్నాం, పప్పులోకి ఏం కూర వెయ్యాలి అని.

హైవే మీద రెండు మైళ్ళు వెళ్ళాక గంట మోగింది.

నేను నా బెల్టు చూసుకున్నాను. పెట్టుకునే ఉన్నాను. దమయంతి బెల్టూ ఉంది. డాష్‌బోర్డు మీద ఎర్రగా వెలుగుతున్నది వెనక సీటు బొమ్మ. నేను తల తిప్పి చూశాను. వెనక సీట్లో ఏమీ లేదు. బ్యాగ్ లేదు, కోటు లేదు, బియ్యం బస్తా లేదు. గంట ఆగకుండా మోగుతోంది. "దమయంతీ" అన్నాను.

దమయంతి సిగ్నల్ వేసి, అద్దంలో చూసుకుని, కారుని రోడ్డు పక్కకి తీసి ఆపింది. దిగింది. పక్కనుంచి లారీలు దూసుకుపోతుంటే, గాలికి జుట్టు రేగుతుంటే, నడిచి వెళ్ళి వెనక తలుపు తెరిచింది.

"చెయ్యి పైకెత్తండి అత్తయ్యా" అంది.

కాస్త ఆగి, బెల్టు లాగి పెట్టింది. టక్కుమంది. గంట ఆగింది.